ముసురులోనూ వెలుగుంది

ఫొటో అనగానే మనలో చాలామందికి ఎండ గుర్తుకొస్తుంది. ఎండ బాగా కాస్తే బొమ్మ బాగా వస్తుందని, మబ్బు పట్టిందంటే కెమెరా లోపల పెట్టేయాలని ఒక నమ్మకం పాతుకుపోయింది. ముసురు పట్టిన రోజున, పొగమంచు కమ్మిన ఉదయాన బయటికి వెళ్లి ఫొటోలు తీస్తానంటే ఇంట్లో వాళ్లు నవ్వుతారు. "ఈ చీకట్లో ఏం కనిపిస్తుందిరా?" అంటారు.

చాలా కనిపిస్తుందని నా అభిప్రాయం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప చేల మధ్య పెరుగుతున్న విద్యార్థులు వెలుతురు తగ్గే నెలల్లోనే ఎక్కువగా ఆరుబయటికి వెళ్లాలని, అప్పుడే ఎక్కువగా ఫొటోలు తీయాలని కూడా నేనంటాను. ఇది వట్టి సరదా కోసం చెప్పే మాట కాదు. ఇందులో కాంతిశాస్త్రం ఉంది, కంటికి మేలు ఉంది, మనసుకు ఊరట ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

మన చీకటి కాలం ఏది?

నార్వే దేశపు ఉత్తర భాగంలో ట్రోమ్సో అనే పట్టణం ఉంది. అక్కడ నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు క్షితిజం పైకి రానే రాడు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో డిసెంబరు 22 ప్రాంతంలో పగలు సుమారు 6 గంటలే. అలాంటి దేశాలవాళ్లు చీకటి కాలం అంటే అర్థముంది. మరి మనకు?

మన పెద్దలకూ ఒక సామెత ఉంది. "మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు" అంటారు. కాని లెక్క కట్టి చూడండి. గుంటూరులో సంవత్సరంలోకెల్లా చిన్న పగలు సుమారు 11 గంటల 9 నిమిషాలు. పెద్ద పగలు సుమారు 13 గంటల 6 నిమిషాలు. తేడా రెండు గంటల కంటే కాస్త తక్కువే. పూస గుచ్చటానికే కాదు, పూసల దండ మొత్తం గుచ్చటానికి కూడా పొద్దు మిగులుతుంది!

అంటే మన ప్రాంతంలో చీకటి కాలాన్ని తెచ్చేది పొద్దు కురచదనం కాదు, మబ్బు. జూన్‌లో నైరుతి రుతుపవనాలతో మొదలైన మబ్బు అప్పుడప్పుడూ తెరిపిస్తూ సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడి జాడే ఉండదు. అది తగ్గాక మార్గశిర పుష్య మాసాల్లో ఉదయం పూట మంచు.

ఇదే కాలంలో చేలలో ఏం జరుగుతూ ఉంటుంది? పత్తికాయలు పగిలి తీతకు వస్తాయి. మిరప తోటలు పూత మీద, పిందె మీద ఉంటాయి. రైతు సంవత్సరమంతా పెట్టిన పెట్టుబడి చేలో నిలబడి ఉండే సమయం ఇది. సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణా, గుంటూరు జిల్లాల తీరాన్ని ఎలా తుడిచిపెట్టిందో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పొలాలు నీళ్లలో నానటం మీలో కొందరు కళ్లారా చూసే ఉంటారు.

కాబట్టి మన చీకటి సగం ఆకాశంలో ఉంటుంది, సగం ఇంట్లో ఉంటుంది. మబ్బు పడితే నాన్న ముఖం కూడా మబ్బు పడుతుంది. అమ్మ రేడియోలోనో టీవీలోనో వాతావరణ వార్తలకు చెవి ఒగ్గి కూర్చుంటుంది. పిల్లలు మూల కూర్చుని ఫోను తెరకేసి చూస్తూ గడుపుతారు. ఈ మూల నుంచి లేచి గడప దాటమనటమే నా మాటలోని సారం.

లోపల ఎంత వెలుతురు, బయట ఎంత?

వెలుతురును కొలిచే ప్రమాణం ఒకటి ఉంది. దాని పేరు లక్స్. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు ఆరుబయట సుమారు 1,00,000 లక్స్ వెలుతురు ఉంటుంది. మబ్బు పట్టిన పగలు అది 10,000 లక్స్ దరిదాపుల్లోకి, దట్టమైన ముసురులో వెయ్యీ రెండు వేల లక్స్‌లోకీ పడిపోతుంది. ఎంత తగ్గిందో చూశారా అంటారు మీరు. ఆగండి. రాత్రిపూట దీపం వెలిగే మీ గదిలో ఎంత ఉంటుంది? మామూలుగా 100 నుంచి 300 లక్స్! అంటే ముసురు రోజున కూడా బయటి వెలుతురు గదిలోని దీపపు వెలుతురుకు ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి మనకు అంత తేడా ఎందుకు తెలియదు? మన కన్ను సర్దుకుపోతుంది కనుక. వెలుతురు తగ్గితే కంటిపాప వెడల్పవుతుంది, రెటీనా సున్నితత్వం పెరుగుతుంది, మిగిలింది మెదడు సరిచేస్తుంది. కెమెరాకు ఈ మొగమాటం లేదు. ఎంత వెలుతురు వస్తే అంతే లెక్క చూపిస్తుంది.

ఈ లెక్క మనసుకూ సంబంధించినదే. ఉత్తర దేశాల్లో చలికాలం రాగానే కొంతమందికి దిగులు, నిద్రమత్తు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవటం కనిపిస్తాయి. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని ఒక జబ్బుగా గుర్తించి వర్ణించారు. దానికి చికిత్స ప్రకాశవంతమైన వెలుతురే. మన దేశంలో పగలు అంతగా కుంచించుకుపోదు కాబట్టి ఆ జబ్బును ఉన్నది ఉన్నట్టు మనకు అంటగట్టకూడదు. కాని శరీరంలోని గడియారం మాత్రం అందరికీ ఒకటే. రెటీనాలో చూపుకు కాక, వెలుతురును పసిగట్టి మెదడులోని ఈ గడియారానికి కబురు పంపేందుకే పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయి. 2002లో శాస్త్రజ్ఞులు వీటి పనితీరును బయటపెట్టారు. ఉదయపు వెలుతురు వీటి మీద పడితే రాత్రి నిద్ర సమయానికి వస్తుంది. నిద్ర సరిగా ఉన్నవాడికి మనసూ కాస్త నిలకడగా ఉంటుంది.

ఇంకొకటి. రోజూ కొంతసేపు ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ముసురు రోజున చూరు కిందనో, గొడుగు వేసుకుని గట్టు మీదనో అరగంట గడపటం వృథా కాదు. చేతిలో కెమెరా ఉంటే ఆ అరగంట ఎలా గడిచిందో కూడా తెలియదు.

మబ్బు చేసే మేలు

ఇక అసలు సంగతికి వద్దాం. మబ్బు పట్టినప్పుడు ఫొటోలు బాగా వస్తాయా? చాలా వస్తువులకు ఎండలో కంటే బాగా వస్తాయి. కారణం తెలుసుకోవటం కష్టం కాదు.

ఆకాశంలో సూర్యబింబం మనకు అర డిగ్రీ కోణంలో కనిపించే చిన్న దీపం. చిన్న దీపం గాఢమైన నీడ వేస్తుంది. అందుకే మిట్టమధ్యాహ్నం మనిషి ఫొటో తీస్తే నుదురు తెల్లగా మెరుస్తుంది, కళ్లు నల్లటి గుంటల్లో దాక్కుంటాయి. మబ్బు పట్టిందనుకోండి. సూర్యకాంతి మబ్బులోని లెక్కలేనన్ని నీటి బిందువులకు తగిలి అన్ని వైపులకూ చెదురుతుంది. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. అప్పుడు ఆకాశం మొత్తం ఒకే ఒక పెద్ద దీపం అవుతుంది. పెద్ద దీపానికి నీడలు మెత్తగా ఉంటాయి. స్టూడియోలో ఫొటోగ్రాఫర్లు దీపం ముందు తెల్లటి గుడ్డ కట్టేది ఈ మెత్తదనం కోసమే. ముసురు రోజున ఆ గుడ్డ మనకు ఉచితం!

పండు మిరపకాయను గమనించండి. దాని తోలు మీద మైనంలాంటి పొర ఉంది. ఎండలో ఆ పొర అద్దంలా మెరిసి తెల్లటి మచ్చలు చూపిస్తుంది. ఆ మచ్చల చోట ఎరుపు కనిపించదు. మబ్బు కింద ఆ మెరుపు తగ్గి కాయ అసలు రంగు కొస నుంచి తొడిమ దాకా బయటపడుతుంది. ఆకుపచ్చ కూడా అంతే. వాన వెలిసిన తర్వాత చేను కొత్తగా రంగు వేసినట్టు కనిపించటానికి దుమ్ము కడుక్కుపోవటం ఒక్కటే కారణం కాదు, మెత్తటి వెలుతురూ కారణమే.

నల్లరేగడి మట్టి వానకు ఇంకా నల్లబడుతుంది కదా, ఎందుకు? మట్టి రేణువుల చుట్టూ నీటి పొర చేరుతుంది. రేణువు మీద నుంచి తిరిగి పైకి రావలసిన కాంతిలో కొంత ఆ నీటి పొర లోపలి వైపు నుంచే పరావర్తనం చెంది మళ్లీ మట్టిలోకి పోతుంది. మట్టి దాన్ని పీల్చేసుకుంటుంది. మన కంటికి చేరేది తక్కువ కనుక మట్టి నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు మీద పగిలిన పత్తికాయ తెలుపు ఎంత నిండుగా ఉంటుందో చెప్పాలా?

ఎండ వచ్చినా ఈ నెలల్లో అది వేసవి ఎండలాంటిది కాదు. మే మొదటి వారంలో గుంటూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్ర నీడ కర్ర కిందే ఉంటుంది. డిసెంబరు 22న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. 100 సెంటీమీటర్ల కర్ర నిలబెడితే సుమారు 83 సెంటీమీటర్ల నీడ పడుతుంది. మీరే కొలిచి చూడండి. నీడ పొడవైతే దుక్కి చాళ్లు, గట్లు, పశువుల కాలిగుర్తులు స్పష్టంగా లేచి కనిపిస్తాయి.

మంచు, చినుకు, ఒక నీటిబొట్టు

మబ్బులేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది. అందులోని నీటి ఆవిరి దుమ్ము రేణువుల చుట్టూ చేరి సన్నటి బిందువులవుతుంది. ఇదే పొగమంచు. ఒక్కో బిందువు మిల్లీమీటరులో నూరో వంతు ప్రమాణంలో ఉంటుంది. దూరం పెరిగిన కొద్దీ మధ్యలో బిందువులు ఎక్కువవుతాయి కనుక దగ్గరి తాటిచెట్టు నల్లగా, దాని వెనక చెట్టు బూడిదరంగులో, ఆ వెనకది దాదాపు తెల్లగా కనిపిస్తాయి. ఎంత దూరమో కంటికి పొరలు పొరలుగా విప్పి చూపించే కాలం ఇదొక్కటే.

ఇక్కడ ఒక చిట్కా. మంచునో, పత్తి కుప్పనో ఫొటో తీస్తే అది బూడిదరంగులో మురికిగా వస్తుంది. ఎందుకంటే కెమెరా తన ముందున్నది తెలుపో నలుపో ఎరగదు. ఏదైనా మధ్యస్థమైన బూడిదరంగేనని అనుకుని వెలుతురు లెక్క వేసుకుంటుంది. కాబట్టి తెల్లటి వాటికి వెలుతురును మనం కాస్త పెంచాలి, నల్లరేగడి చేలకు కాస్త తగ్గించాలి. ఫోనులో అయితే తెర మీద వేలు ఆనించి పైకి జరిపితే పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది.

చినుకుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. కెమెరా తలుపు సెకనులో 60వ వంతు కాలం తెరిచి ఉంటే ఆ లోగా చినుకు దాదాపు 11 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అందుకే ఫొటోలో వాన గీతలు గీతలుగా పడుతుంది. వేగంగా తలుపు మూసే కెమెరాతో తీస్తే చినుకు అసలు రూపం దొరుకుతుంది. బొమ్మల పుస్తకాల్లో వేసినట్టు అది తోక ఉన్న కన్నీటిబొట్టులా ఉండదు. చిన్న చినుకు గుండ్రటి గోళీ, పెద్ద చినుకు అడుగున అణిగిన బన్నురొట్టె.

మిరపాకు మీద నిలిచిన మంచుబొట్టు దగ్గరికి వంగి చూడండి. అది ఒక కటకం. అందులో చేను మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. ఫోనును జాగ్రత్తగా దగ్గరికి తెచ్చి ఆ తలకిందుల చేనును ఫొటో తీయవచ్చు. భౌతికశాస్త్రం పుస్తకంలో కుంభాకార కటకం పాఠం ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఇద్దరు మనుషులు

ఈ పని ఇంతకుముందు ఎవరైనా చేశారా? చేశారు. ఇద్దరి గురించి చెబుతాను.

మొదటివాడు ఒక రైతు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో అనే ఊళ్లో పాడి పశువులు పెంచుకునే కుటుంబం. పేరు విల్సన్ బెంట్లీ. అక్కడి చలికాలం కటిక చలికాలం. ఇళ్ల మీద, దారుల మీద మంచు పేరుకుపోతుంది. అందరూ తలుపులు బిగించుకునే ఆ కాలంలోనే బెంట్లీ బయట కూర్చుని, కెమెరాకు సూక్ష్మదర్శిని తగిలించి, 1885 జనవరి 15న మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు. 1931లో చనిపోయేలోగా 5,000కు పైగా మంచు స్ఫటికాల ఫొటోలు తీశాడు. ఆరు రేకుల ఆ స్ఫటికాల అందాన్ని లోకం చూసింది ఆయన కళ్లతోనే.

వానాకాలంలో ఆయన ఊరుకున్నాడా? లేదు. పళ్లెంలో గోధుమపిండి పరిచి కొద్ది క్షణాలు వానలో పెట్టేవాడు. ఒక్కో చినుకు ఒక్కో పిండి ఉండ అయ్యేది. ఆ ఉండలను కొలిచి చినుకుల సైజులు తేల్చి 1904లో ప్రచురించాడు. ఈ ప్రయోగం మీరు ఈ ముసురులోనే చేయవచ్చు. అమ్మనడిగి గుప్పెడు పిండి తీసుకోండి, తర్వాత ఉండలను జల్లించి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తుంపరకూ, జడివానకూ తేడా అంకెల్లో దొరుకుతుంది.

రెండోవాడు జోసెఫ్ సుడెక్. చెక్ దేశస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్నాడు. ఒంటి చేత్తోనే పెద్ద కెమెరాలు మోసి ఫొటోలు తీశాడు. 1939లో ఆయన ఉన్న ప్రాగ్ నగరాన్ని నాజీ సైన్యం ఆక్రమించుకుంది. వీధుల్లో కెమెరాతో తిరగటం కష్టమైన రోజులు. అప్పుడాయన తన స్టూడియో కిటికీనే ఫొటో తీయటం మొదలుపెట్టాడు. అద్దం మీద పట్టిన ఆవిరి, జారే నీటిబొట్లు, అవతల పెరట్లో వంకరగా పెరిగిన ఒక చెట్టు. 1940 నుంచి 1954 దాకా అదే కిటికీ! ఈ రోజు ఆ ఫొటోలు చూసినవారు కిటికీ అంత లోతుగా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు.

బెంట్లీ ఎదుర్కొన్నది రుతువు తెచ్చిన చీకటి. సుడెక్ ఎదుర్కొన్నది కాలం తెచ్చిన చీకటి. ఇద్దరూ పట్టుకున్నది ఒకే దారి. దూరంగా ఉన్న మంచి రోజుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కళ్ల ముందున్న చిన్న వస్తువును శ్రద్ధగా చూశారు.

తడిసిన పత్తి ముందు అందమా?

ఇప్పుడు ఒక గట్టి ప్రశ్న. మీలో రైతుబిడ్డలు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. "పత్తి మీద నీటిబొట్లు నీకు ముత్యాల్లా కనిపిస్తాయి సరే, మా నాన్నకు అవి అప్పు కాదా?"

నిజమే. పత్తిలో 8 శాతం తేమ దాకా ఉంటేనే భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన కోత. 12 శాతం దాటితే కొనదు. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు తడిస్తే రంగు పోయి తాలుకాయలవుతాయి, బూజు పడతాయి. గుంటూరు మిర్చియార్డులో ఎర్ర కాయకూ తాలుకూ ధరలో ఎంత తేడా ఉంటుందో మీ ఇంట్లో అడిగితే చెబుతారు. కాబట్టి అందం పేరు చెప్పి ఈ నష్టాన్ని కప్పిపుచ్చే ఫొటో నాకూ వద్దు.

అందుకే నేను ఒక నియమం చెబుతాను. ముందు బరకం, తర్వాత బొమ్మ. వాన మొదలైతే ముందు కళ్లంలోకి పరిగెత్తి కాయల మీద టార్పాలిన్ బరకం కప్పటానికి చేయి వేయండి. అది అయ్యాక కెమెరా తీయండి. కష్టంలో ఉన్న మనిషిని అడగకుండా ఫొటో తీయకండి. ఏడుస్తున్నవారిని అసలే తీయకండి. ఈ నియమం తప్పితే మీరు తీసేది మంచి ఫొటో అయినా మంచి పని కాదు.

కాని దీని రెండో వైపు కూడా చూడాలి. ఫొటో తీయకపోతే పత్తి ఆరుతుందా? ఆరదు. మూల కూర్చుని దిగులుపడితే వాన ఆగుతుందా? ఆగదు. చేనంటే నష్టం ఒక్కటే అని నమ్మిన పిల్లవాడికి ఆ చేను మీద ప్రేమ ఎలా మిగులుతుంది? తడిసిన చేలో కూడా మొదటి రోజు మీగడ రంగులో విచ్చి మర్నాటికి గులాబీ రంగుకు తిరిగే పత్తిపువ్వు ఉంది. మిరప కొమ్మల మధ్య సాలీడు అల్లిన గూడు మంచుబొట్లతో బరువెక్కి ఊగుతూ ఉంది. బాధ నిజమైనట్టే ఇదీ నిజమే. ఒక నిజాన్ని చూడటానికి రెండో నిజాన్ని కాదనక్కర లేదు. ఊరట అంటే బాధను మరచిపోవటం కాదు, బాధ పక్కన ఇంకేముందో చూడగలగటం.

పైగా ఈ చూపు ఒట్టి ఊరటతో ఆగదు. 2021 చివర్లో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతం. పువ్వుల్లో దాక్కుని పూత రాలగొట్టింది. ఎన్నో తోటలు పీకేయవలసి వచ్చింది. రోజూ ఒక మిరపపువ్వును దగ్గరి నుంచి ఫొటో తీసే అలవాటున్న విద్యార్థి ఉంటే, పువ్వులో కదిలే ఆ కొత్త నల్లటి గీతను ముందుగా కనిపెట్టేది ఆ విద్యార్థే. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పురుగుల ఫొటోలు పంపి సలహా పొందే జాతీయ వ్యవస్థను ప్రారంభించింది. అంటే చేలో తీసిన ఫొటోకు ఈ రోజున శాస్త్రజ్ఞుల దగ్గర కూడా విలువ ఉంది. అందాన్ని చూడటానికి అలవాటుపడిన కన్నే ఆపదను కూడా త్వరగా చూస్తుంది.

మీరేం చేయాలి?

పెద్ద కెమెరా అక్కర్లేదు. ఇంట్లో పెద్దల ఫోను ఉంటే అడిగి అరగంట తీసుకోండి. అదీ లేకపోతే పాత క్యాలెండరు అట్ట మధ్యలో 3 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పున కిటికీ కత్తిరించండి. దాన్ని కంటి ముందు పట్టుకుని చేనును చూడండి. ఏది లోపల ఉంచాలి, ఏది బయట వదలాలి అని నిర్ణయించుకోవటమే ఫొటోగ్రఫీలో సగం విద్య. చూసింది నోటుపుస్తకంలో రెండు వాక్యాల్లో రాయండి. అది కూడా ఫొటోయే.

తర్వాత ఒక చోటు ఎంచుకోండి. మీ ఊరి వేపచెట్టో, చేను గట్టో, బడి దారో. దసరా నుంచి సంక్రాంతి దాటి నెలాఖరు దాకా రోజూ ఒకే వేళకు, ఒకే చోట నిలబడి తూర్పు దిక్కుగా ఒక్క ఫొటో తీయండి. సూర్యోదయ బిందువు రోజురోజుకూ దక్షిణానికి జరుగుతూ డిసెంబరు 22 నాటికి సరైన తూర్పు నుంచి 24 డిగ్రీలు తప్పుకుంటుంది. మరో వింత కూడా బయటపడుతుంది. అతి చిన్న పగలు డిసెంబరులో వచ్చినా, సూర్యుడు అన్నిటికంటే ఆలస్యంగా ఉదయించేది జనవరి మూడో వారం ప్రాంతంలో! అన్నిటికంటే ముందుగా అస్తమించేదేమో నవంబరులోనే. భూమి అక్షం వంగి ఉండటం, భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవటం ఇందుకు కారణాలు. ఈ సంగతిని పుస్తకంలో చదవటం వేరు, మీ వేపచెట్టు ఫొటోల్లో పట్టుకోవటం వేరు.

వీలైతే గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళ్లండి. చలికాలంలో అక్కడి చెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు చేరతాయి. గోల చేయకుండా, దూరం నుంచే తీయండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మెరుపు కనిపించాక లెక్కపెట్టండి. ఉరుముకూ మెరుపుకూ మధ్య 3 సెకన్లు ఉంటే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో ఉందన్నమాట. 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే వెంటనే ఇంట్లోకి రండి. చెట్టు కింద నిలబడకండి. నీళ్లు నిండిన కాలువ గట్ల అంచుకు పోకండి. మందు కొట్టిన చేలోకి దిగకండి. పొగమంచులో రోడ్డు మధ్య నిలబడి ఫొటో తీయకండి. ఎంత మంచి ఫొటో అయినా మీ ప్రాణం కంటే విలువైంది కాదు.

ఇంకొక మాట. ఫొటోలు మందు కావు. దిగులు వారాల తరబడి వదలకపోతే, చదువు మీద, తిండి మీద మనసు పోకపోతే, ఇంట్లోనో బడిలోనో నమ్మకమున్న పెద్దవారికి చెప్పండి. 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే టెలీ మానస్ సహాయకులు మాట్లాడతారు. నాన్న దిగులుగా ఉన్నా సరే, ఈ నంబరు ఆయనకూ పనికొస్తుంది.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటి. ప్రతి బడిలో ఒక గోడను ముసురు కాలపు ఫొటోలకు కేటాయించండి. పక్కనే తేదీ, వేళ, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాయించండి. నాలుగైదు సంవత్సరాలు గడిస్తే అది ఆ ఊరి వాతావరణ చరిత్ర అవుతుంది. పూత ఎప్పుడు వచ్చింది, మంచు ఎప్పుడు మొదలైంది, ఏ పక్షి ఏ నెలలో కనిపించింది అన్నీ ఆ గోడే చెబుతుంది. ఆ చేలను ఆ పిల్లలంత దగ్గరగా, అంత కాలం చూసేవారు ఇంకెవరుంటారు?

వచ్చే ముసురుకు ఆకాశం మూసుకున్నప్పుడు మీరు తలుపు మూసుకోకండి. గొడుగు తీసుకుని ఒకసారి గడప దాటండి. తర్వాత చీకటిగా ఉందో లేదో మీరే చెప్పండి.